మూడో బండ దగ్గర ఆగని పల్లకి

అనగా అనగా, కొండలు ఎక్కువా చక్రాలు తక్కువా ఉన్న ఒక రాజ్యం. పేరు మబ్బుకొండ. అక్కడ బండి నడిచే దారి లేదు, గుర్రానికి కాలు ఆనే చోటు లేదు. రాజుగారు కదలాలన్నా, పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళాలన్నా, ఆఖరికి వైద్యుడు రోగి దగ్గరికి పోవాలన్నా పల్లకి ఎక్కవలసిందే. అందుచేత ఆ రాజ్యంలో రాజుగారి తర్వాత అంత మాట చెల్లేది పల్లకి మోసే బోయీలకు.

పల్లకి మొయ్యడానికి బలం ఉంటే చాలనుకుంటారు పిల్లలు. బలం ఎద్దుకూ ఉంటుంది. ముందు దండె, అంటే పల్లకి మోసే కర్ర, పట్టినవాడికి దారి కనిపిస్తుంది. "రాయుంది, జారుడుంది, కొమ్మ వంగింది" అని వాడు పాటలా చెబుతూ నడుస్తాడు. వెనక దండె పట్టినవాడికి కనిపించేది పల్లకి వీపొక్కటే. ముందువాడి మాట నమ్మి అడుగు వేస్తాడు. నమ్మకం తప్ప వాడికి వేరే కళ్ళు లేవు.

అందుకని బోయీలకు ఒక కట్టుబాటు ఉండేది. దారిలో అక్కడక్కడా దించుడు బండలు ఉంటాయి. అంటే పల్లకి దించి ఊపిరి తీసుకునే వెడల్పాటి రాళ్ళు. ప్రతి బండ దగ్గరా పల్లకి దించాలి. దించాక ముందువాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ముందుకి మారాలి. ఎంత మొనగాడైనా సరే. ఎప్పుడూ ముందే నడిచేవాడికి వెనకవాడి చీకటి మరుపు వస్తుందని వాళ్ళ పెద్దల మాట.

ఆ బోయీల వాడలో నూకాలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, చలమడు. తాటిచెట్టంత మనిషి, కళ్ళల్లో చురుకు. వాడు దండె పడితే పల్లకిలో కూర్చున్నవాడి చేతిలో మజ్జిగ గ్లాసు తొణికేది కాదు.

ఆ రాజ్యాన్ని ఏలే జగ్గరాజు మంచివాడు. పిల్లలు లేరు. యుద్ధాలంటే ఇష్టం లేదు, ఆవ పెట్టిన పనసపొట్టు కూరంటే ప్రాణం. ఆ కూర మాట వచ్చింది కనక చెప్పుకోవాలి: ఆవ ముందే వేసి ఉడికిస్తే చేదెక్కుతుంది, పొయ్యి మీంచి దించాకే కలపాలి. దీనికీ కథకీ సంబంధం లేదు గాని, తెలిసి ఉండడం మంచిది.

ఒకనాడు జగ్గరాజు పల్లకి ఘాటీ కొండదారి దిగుతుంటే ఎలుగుబంటి అడ్డం వచ్చింది. భటులు చెట్లెక్కారు. చలమడు మాత్రం పల్లకికీ ఎలుగుకీ మధ్య నిలబడి, భటులు పారేసిన కాగడాతో తలగుడ్డకు నిప్పంటించి విసిరాడు. ఎలుగు వెనక్కి తిరిగి పోయింది.

"ఏం కావాలో కోరుకో నాయనా" అన్నాడు జగ్గరాజు, పల్లకి తెర తీసి.

"కోట కాపలాలో ఒక బల్లెం ఇప్పించండి మహారాజా."

ఆ రోజు నూకాలమ్మ వాడంతా బెల్లం పంచింది. కొడుకు ఆమె కాళ్ళకు దండం పెట్టి, "ఒక్క మెట్టు ఎక్కానమ్మా, ఇంక చాలు" అన్నాడు.

చాలు అన్న మాట అంత తేలిగ్గా నాలుక మీద నిలవదు. బల్లెం పట్టుకుని నిలబడ్డవాడి కళ్ళు, బల్లేలకు పని చెప్పే కాపలా పెద్ద సోమన్న మీద పడ్డాయి. సోమన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక కాస్త కునుకు తీస్తాడు. ఆ కునుకు రాజుగారి చెవికి చేరేటప్పటికి కుంభకర్ణుడి నిద్ర అయింది. సోమన్న ఇంటికి పోయాడు. చలమడు కాపలా పెద్ద అయ్యాడు, చలమయ్య అయ్యాడు.

తర్వాత కళ్ళు సేనాపతి గవర్రాజు మీద పడ్డాయి. సరిహద్దులో శత్రువుల అలికిడి ఉందని ఒక పుకారు పుట్టింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. గవర్రాజును ఆ మూల ఠాణాకు పంపారు, పంపి మరిచిపోయారు. చలమయ్య సేనాపతి అయ్యాడు, చలమ నాయకుడు అయ్యాడు. పదవి ఎక్కే కొద్దీ పేరు తోక పెరగడం లోకంలో ఉన్నదే.

"మేడలోకి రా అమ్మా" అన్నాడు చలమ నాయకుడు.

"ఆ నున్నటి నేల మీద నాకు కాలు జారుతుందిరా" అంది నూకాలమ్మ. "ఇక్కడే బాగుంది. నువ్వే అప్పుడప్పుడూ రా."

అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఒక రోజు వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె చింతచిగురు పప్పు కలిపి పెట్టింది. చలమ నాయకుడు మొదటి ముద్ద తీసి పిల్లికి వేశాడు. పిల్లి తిని, మూతి నాక్కుని, బతికే ఉందని చూశాక తను తిన్నాడు.

నూకాలమ్మ గిన్నెలు తోముతూ అనుకుంది: "వీడు ఎవరికో ఏదో చెయ్యబోతున్నాడు. లేకపోతే తల్లి చేతి ముద్దను అనుమానించడు."

ఆమె అనుకున్నంతా అయింది. వానాకాలం మొదట్లో జగ్గరాజుకు జ్వరం తగిలింది. గాలి మార్పు కావాలని చలమ నాయకుడు ఆయనను కొండ వెనక పాత గడీకి తీసుకుపోయాడు. నాలుగు రోజులు గడిచాయో లేదో, రాజుగారు విరక్తి పుట్టి, రాజ్యం సేనాపతికి అప్పగించి కాశీకి వెళ్ళిపోయారని దండోరా వేయించాడు.

"చెప్పాపెట్టకుండానా?" అన్నారు జనం. "అదీ పనసకాయల కాలంలోనా?" అయినా ఎదురుగా బల్లేలు ఉన్నాయి. ఊరుకున్నారు.

ఇక మిగిలింది ఒక్క ఆచారం. మబ్బుకొండలో కిరీటం పెట్టుకున్నంత మాత్రాన రాజు కాడు. తల్లిని పల్లకిలో కూర్చోబెట్టి, మరి ముగ్గురితో కలిసి తన భుజాన మోసుకుంటూ కొండ మీది అమ్మవారి గుడికి చేరాలి. దారిలో మూడు దించుడు బండలు. బండ బండకీ, రాజైనా సరే, ముందు నుంచి వెనక్కి మారాలి. తల్లి కాలు గుడి చేరేదాకా నేలను తాకకూడదు. తాకిందా, ఆ ఏటికి పట్టాభిషేకం చెల్లదు. గుడి చేరాక పూజారి గంట కొడతాడు. ఆ గంట విన్నాకే సైన్యం దండం పెడుతుంది. జనం బరువు మొయ్యబోయేవాడు ముందు ఒక మనిషి బరువు మోసి చూడాలని పెట్టిన ఆచారం అది.

ముందు రోజు చలమ నాయకుడు తల్లి దగ్గరికి వచ్చాడు. ఆమె బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, రేపు పల్లకి ఎక్కాలి."

"రాజుగారు ఎక్కడరా?"

"కాశీలో."

"నాకు కూడానా ఆ మాట?"

చలమ నాయకుడు నేల చూపులు చూశాడు. "పాత గడీలో ఉన్నాడు. బాగానే ఉన్నాడు. రేపు గుడిగంట మోగాక ఆయనకు ఇంక ఏ బాధా ఉండదు."

చేట ఆగిపోయింది. నూకాలమ్మకు అర్థమైంది. గంట ఒక్క సైన్యానికే కాదు, గడీలో కావలివాడికి కూడా సైగ. అది వినగానే రాజుగారి పాలగిన్నెలో ఏదో కలుస్తుంది.

"చలమా, వద్దురా."

"ఇదే ఆఖరి మెట్టమ్మా."

"మొదటి మెట్టు ఎక్కినప్పుడే ఇంక చాలన్నావు."

"నువ్వు ఎక్కకపోతే వాడలో ఇంకొక ముసలమ్మను ఎక్కిస్తాను. తల్లి లేనివాళ్ళకు అలా చెల్లుతుంది."

"అయితే నీకు తల్లి లేదని చెబుతావా?"

అతను వాకిలి వైపు తిరిగాడు. నూకాలమ్మ ఆలోచించింది. ఇంకొకావిడ ఎక్కితే కళ్ళు మూసుకుని, రామ రామ అనుకుంటూ గుడి దాకా పోతుంది. గంట మోగుతుంది. ఒక నిండు ప్రాణం పోతుంది. ఆ ప్రాణం తీసినవాడు తన కొడుకు అవుతాడు.

"సరే, నేనే ఎక్కుతాను" అంది.

అతను వెళ్ళాక, ఆమె పెద్ద బోయీ అయిన బావగారు సింహాద్రి ఇంటికి వెళ్ళింది. "బావగారూ, రేపు పల్లకి ఎవరు మోసినా మోయనీ. మన వాళ్ళందరినీ తీసుకుని వెనకే నడవండి. ఎందుకో అడగొద్దు" అంది. సింహాద్రి అడగలేదు. ఇంట్లో ఆడవాళ్ళు అడగొద్దంటే అడగకుండా ఉండడం ఆయన ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్య.

మర్నాడు కోట గుమ్మం ముందు పూలపల్లకి సిద్ధమైంది. బోయీలు దండె పట్టబోతే చలమ నాయకుడు చెయ్యి అడ్డం పెట్టాడు. తను ఎలా ఎక్కాడో చూసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ మధ్య భుజం ఆనించడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"నా దళవాయిలు మోస్తారు" అన్నాడు.

అతని కింద సైన్యంలో దళాలు నడిపే ఆ దళవాయిలు ముగ్గురూ ముందుకు వచ్చారు. వాళ్ళల్లో బంగారయ్య అనేవాడికి రేపు సేనాపతి పదవి ఇస్తానని మాట ఉంది. ఆ మాట మిగతా ఇద్దరికీ కూడా విడివిడిగా ఉంది.

"వీళ్ళు కత్తి పట్టినవాళ్ళు నాయనా. కావడైనా ఎప్పుడూ పట్టలేదు" అన్నాడు సింహాద్రి.

"కత్తి పట్టిన చేతికి కర్ర ఒక లెక్కా?" అని నవ్వాడు బంగారయ్య.

"చేతికి కాదయ్యా బాబూ, భుజానికి" అన్నాడు సింహాద్రి. బోయీలు కిసుక్కున నవ్వారు.

పల్లకి లేచింది. ముందు చలమ నాయకుడు, అతని పక్కన ఒక దళవాయి. వెనక బంగారయ్య, ఇంకొకడు. లోపల నూకాలమ్మకు తెర సందులోంచి కొడుకు మెడ కనిపిస్తోంది. చిన్నప్పుడు నూనె రాసిన మెడ. దాని మీద ఇప్పుడు ముత్యాల పేరు.

చలమ నాయకుడికి అడుగు తప్పలేదు. పుట్టుకతో వచ్చిన విద్య. కానీ దారి చెప్పడం మానేశాడు. రాజు కాబోయేవాడు "రాయుంది, జారుడుంది" అని పాడడం నామోషీ అనుకున్నాడు. వెనకవాళ్ళ కాళ్ళకు ప్రతి రాయీ తగిలింది.

మొదటి బండ దగ్గర దించారు.

"వెనక్కి మారు నాయనా" అన్నాడు సింహాద్రి.

"రాజు వెనక నడవడు" అన్నాడు చలమ నాయకుడు. అసలు సంగతి వేరు. వెనక్కి వెళితే దారి కనిపించదు. ముందున్నవాణ్ణి నమ్మాలి. తనలాంటి ముగ్గుర్ని ఏరి తెచ్చుకున్నవాడు ఎవర్ని నమ్ముతాడు?

రెండో బండ దగ్గర దించేటప్పటికి దళవాయిల భుజాలు వాచి ఎర్రబడ్డాయి. ముందు చోటు నాదంటే నాదని వాళ్ళలో వాళ్ళు గొణుక్కున్నారు. చలమ నాయకుడు అప్పుడూ మారలేదు. నూకాలమ్మ తెర తీసింది.

"చలమా, ఇలా రా."

దగ్గరికి వచ్చాడు. ఆమె అతనికి మాత్రమే వినపడేలా అంది: "జగ్గరాజును చంపనని అమ్మవారి మీద ఒట్టు వెయ్యి. వెయ్యకపోతే మూడో బండ దగ్గర దించగానే నేలమీద కాలు పెడతాను. ఇప్పుడే పెట్టొచ్చు. కానీ నువ్వు మారతావేమోనని ఇంకొక బండ దూరం చూస్తాను."

చలమ నాయకుడి ముఖం పాలిపోయింది. "అమ్మా, నా నోటి ముందు కూడు తన్నేస్తావా?"

"ఆ కూడులో విషం ఉందిరా. తినేది ఎవరైనా."

అతను తెర లాగేశాడు. ఒట్టు వెయ్యలేదు. దండె ఎత్తమన్నాడు.

రెండో బండకీ మూడో బండకీ మధ్య దారి నిట్టనిలువు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. చిన్న వాన పడి వెలిసింది, నాచు మెరుస్తోంది. దళవాయిలు రొప్పుతున్నారు. మూడో బండ కనిపించగానే ముగ్గురూ ఒక్కసారే "హమ్మయ్య" అన్నారు.

"ఆగొద్దు! పదండి!" అన్నాడు చలమ నాయకుడు.

దించితే తల్లి దిగుతుంది. దిగితే రాజ్యం పోతుంది. అంచేత బోయీ కడుపున పుట్టినవాడు, ఆ దారిలో వందసార్లు ఆగినవాడు, ఆ వేళ బండ దాటి పల్లకిని నడిపించాడు. వెనక వస్తున్న బోయీలకు గుండె ఆగినంత పనైంది. అలసిన భుజాలు ఆ బండ దాటి నిలవవని వాళ్ళల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు.

మలుపులో వెనక బంగారయ్య పక్కనున్నవాడి కాలు జారింది. పల్లకి లోయ వైపు ఒరిగింది. అప్పుడు బంగారయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఎక్కడిదో మనకు తెలుసు. పై మెట్టు మీదివాడు పోతే కింద మెట్టు మీదివాడే కదా ఎక్కేది! బంగారయ్య దండె కింద నుంచి భుజం తప్పించాడు.

"దుర్మార్గుడా, ఏం చేస్తున్నావురా!" అని అరిచాడు చలమ నాయకుడు.

"మీ దగ్గర నేర్చుకున్నదే మహారాజా!" అన్నాడు బంగారయ్య.

వెనకవాడు బోర్లా పడ్డాడు. ముందున్న దళవాయి పక్కకు దూకి ప్రాణం దక్కించుకున్నాడు. పల్లకి వెనక భాగం గాలిలో వేలాడింది. ముందు దండె కింద చలమ నాయకుడు ఒక్కడే మిగిలాడు. రెండు చేతులా దండెను కావలించుకుని, కాలు రాతి చీలికలో ఇరికించి ఆగాడు. భుజంలో ఎముక ఫటుక్కుమంది. తలపాగా, దానికున్న కలికితురాయి, ముత్యాల పేరు లోయలోకి రాలిపోయాయి.

నూకాలమ్మకు కాళ్ళ కింద లోయలోని చెట్ల తలలు కనిపించాయి.

"వదిలెయ్యరా చలమా! నువ్వు బతుకు!" అని కేక పెట్టింది.

చదువుకున్నవాళ్ళు మెచ్చుకునే పెద్ద పెద్ద విషాద నాటకాల్లో అయితే ఇక్కడ నాయకుడు పడిపోతాడు. తెర పడుతుంది. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి అన్నం తింటారు. కానీ ఆ నాటకాల్లో నాయకులకు చాలామటుకు తల్లులు ఉండరు. చలమ నాయకుడికి ఉంది. అతని చేతుల్లో ఉన్నది ఇప్పుడు రాజ్యం కాదు.

"వదలనమ్మా" అన్నాడు. ఆ గొంతు చలమ నాయకుడిది కాదు, చలమడిది. ఆపైన, ఏళ్ళ తరబడి పలకడానికి సిగ్గుపడిన కేక, ఆపదలో బోయీ బోయీని పిలిచే కేక, కడుపు చీల్చుకుని వచ్చింది: "భుజం! భుజం!"

బోయీలు వచ్చారు. ఎవర్ని మోసగించాడు, ఎవర్ని తోసేశాడు అని ఒక్కడూ ఆగి ఆలోచించలేదు. ఆ కేక విన్నాక ఆలోచించడం వాళ్ళ పద్ధతి కాదు. దండె కింద నాలుగు భుజాలు, పల్లకి కింద పది చేతులు. సింహాద్రి "ఓహోం, ఓహోం" అని పదం ఎత్తాడు. పల్లకి నెమ్మదిగా దారి మీదికి వచ్చింది.

నూకాలమ్మ దిగింది. తడినేల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడింది.

"దిగానురా" అంది, రొప్పుతూ. "నీ రాజ్యం పోయింది."

"పోనీ అమ్మా" అన్నాడు చలమడు. భుజం వేలాడుతోంది, ముఖం తెల్లగా ఉంది. అయినా ఆ ముఖంలో ఏదో బరువు దిగిన తేట ఉంది. అంతలో ఉలిక్కిపడ్డాడు. "గంట! మామయ్యా, గంట!"

మామయ్య కాదు, సింహాద్రి అతనికి పెదనాన్న. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వరసలు తప్పుతాయి. అందరూ కొండ మీదికి చూశారు. పూజారి బాగా ముసలివాడు, చూపు ఆనదు. కింద గోల వినగానే పల్లకి వచ్చేసిందనుకుని గంట తాడు పట్టుకున్నాడు.

"గంట మోగితే జగ్గరాజు ప్రాణం పోతుంది" అంది నూకాలమ్మ.

పరిగెత్తేంత వ్యవధి లేదు. సింహాద్రి చెయ్యి ఎత్తాడు. బోయీలందరూ ఒక్క గొంతుతో, ఘాటీ ఈ చివర నుంచి ఆ చివరకు పల్లకులు ఆపే కేక పెట్టారు: "ఆగో!"

కొండ తిరిగి పలికింది. పూజారి కొండచరియ విరిగిందనుకుని, తాడు వదిలేసి స్తంభాన్ని కావలించుకున్నాడు. గంట మోగలేదు.

మధ్యాహ్నానికల్లా బోయీలు గడీ తలుపులు తెరిపించారు. గంట మోగలేదు, రాజు మారలేదు అని తెలిసిన కావలివాడు తనంతట తనే తాళంచెవి ఇచ్చి, పాలగిన్నె ఒలకబోసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. జగ్గరాజు చిక్కి సగమయ్యాడు. "ముందు వేడినీళ్ళు కాచండి. శిక్షల సంగతి ఒళ్ళు రుద్దుకున్నాక" అన్నాడు. బంగారయ్య అప్పటికే అడవి దాటి పోయాడు. పక్క రాజ్యంలో ఎవరివో గేదెలు కాస్తున్నాడని తర్వాత తెలిసింది.

స్నానం అయ్యాక రాజు నూకాలమ్మను పిలిచాడు. "వీణ్ణి ఏం చెయ్యమంటావు నూకాలమ్మా? నా ప్రాణం తియ్యబోయాడు. నీ ప్రాణం నిలిపాడు. నాకు లెక్క తేలడం లేదు."

"శిక్ష వెయ్యండి దొరా. వెయ్యకపోతే ధర్మం కాదు. ప్రాణం మాత్రం ఉంచండి."

జగ్గరాజు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికి చెప్పాడు: "పదవులన్నీ పోయాయి. కోట గుమ్మం ఇక తొక్కకూడదు. ఎముక అతికాక, సోమన్న ఇంటికీ, గవర్రాజు ఠాణాకీ వీడే స్వయంగా పోవాలి. తను చేసిందేమిటో వాళ్ళ మొహం మీద చెప్పి, క్షమించమని అడిగి, పల్లకిలో తీసుకురావాలి. పల్లకి వెనక వీడు నడిచి రావాలి."

"మహారాజా, ఇది చాలా తక్కువ" అన్నాడు చలమడు.

"గవర్రాజు నోరు నీకు తెలియదు. తక్కువో ఎక్కువో ఆ దారిలో తెలుస్తుందిలే" అన్నాడు రాజు.

ఎముకలు కట్టేవాడు వచ్చి భుజానికి వెదురు బద్దలు వేసి కట్టాడు. నూకాలమ్మ గంజి కాచి పోసింది. చలమడు తాగి, చాప మీద ఒరిగాడు.

సాయంకాలం ఎండ వాకిట్లో పడేవేళకు సింహాద్రి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏమంటున్నాడమ్మా మన ఇంటి మహారాజు?"

"గురక పెడుతున్నాడు బావగారూ" అంది నూకాలమ్మ. "ఎన్నాళ్ళకో!"

సింహాద్రి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఎక్కాలనే ఆశ తప్పు కాదు పిల్లలూ. ఎక్కడ ఆగాలో తనకు తానుగా తెలుసుకోనివాణ్ణి లోయ ఆపుతుంది.